తోమిన తుపాకి

తుపాకి గొట్టానికి కూడా గోడ ఉంటుందని నాకు మా నాన్న నేర్పారు. చూసేవాళ్లకు అది ఇనుప గొట్టం. పనివాడికి మాత్రం ఖాళీ చుట్టూ కట్టిన సన్నని గోడ. తూటా పేలినప్పుడు ఆ మంటకూ మనిషి చేతికీ మధ్య నిలబడేది ఆ గోడ ఒక్కటే.

డెబ్బైలలో విజయవాడ వన్‌టౌన్‌లో మాకు తుపాకులు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది. డెల్టా ఊళ్ల నుంచి రైతులు తాతల నాటి జోడుగొట్టాల తుపాకులను దుప్పట్లలో చుట్టుకుని తెచ్చేవారు. నాన్న మా క్రైస్తవ సంఘంలో పెద్ద. పొద్దున కొట్టు తీయగానే ముందు వాక్యం చదివి, ఆ తర్వాతే ఆకురాయి ముట్టేవారు. లేఖనాల్లో గోడల మాట వచ్చినప్పుడల్లా చదవడం ఆపి నా వైపు చూసేవారు. సున్నం కొట్టిన గోడ, బూరల ధ్వనికి కూలిన గోడ, రాజు విందులో రాత కనబడిన గోడ. ఎత్తయిన గోడ ఒకచోట ఉబ్బి, ఎవరూ అనుకోని క్షణంలో విరుచుకుపడుతుందని ప్రవక్త హెచ్చరించిన భాగమైతే రెండుసార్లు చదివేవారు. "ఇది మన పని గురించేరా" అనేవారు. ఆయన వేళాకోళానికి అనేవారు కాదు.

గోడ మందం కొలవడానికి ఆయన సొంతంగా ఒక గేజి చేసుకున్నారు. బల్లకు బిగించిన పొడవాటి ఉక్కు కడ్డీ, దాని కొసన బేరింగు గుండు, ఆ గుండుకు సరిగ్గా ఎదురుగా ఒక డయలు. గొట్టాన్ని కడ్డీకి తొడిగి మెల్లగా తిప్పుతుంటే గుండు లోపలి వైపును, డయలు కాలు బయటి వైపును తాకుతాయి. మధ్యనున్న ఇనుమెంతో ముల్లు చెబుతుంది. అంగుళాన్ని వెయ్యి భాగాలు చేస్తే వచ్చే ఒక్కో భాగాన్ని లేతు పనివాళ్లు థౌ అంటారు. ఇరవై థౌలకు తగ్గిన గోడను నాన్న నమ్మేవారు కాదు. అంటే రెండు పోస్టుకార్డులు కలిపి పట్టుకున్నంత మందం.

బయట కొలిచి, అందులోంచి లోపలి బోరు తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తే సరిపోదా అని మొదట్లో నేను వాదించేవాణ్ణి. "రెండు పక్కలా సమానంగా అరిగిందని నీకెవరు చెప్పారు?" అనేవారు నాన్న. ఆయన కళ్లకు శుక్లాలు కమ్మాక ముల్లు చదవడం నా పనైంది. నేను అంకె చెప్పేవాణ్ణి. ఆయన వినేవారు.

దసరా వెళ్లిన వారంలో పామర్రు అవతలి ఊరి నుంచి ఒక పెద్ద రైతు, ఆయన భార్య కొట్టుకు వచ్చారు. ఆయన నాన్నకు కొంచెం తెలిసినవాడే. ఎత్తుగా, కట్టె విరిచినట్టు మాట్లాడే మనిషి. దుప్పటి మూట మాత్రం ఆవిడ చంకలో ఉంది.

"మేస్త్రీ, తుపాకి తెరుచుకోవట్లేదయ్యా. మీట బిగుసుకుపోయింది. చెరుకులో పందులు పడి తోటంతా దున్నేస్తున్నాయి. ఇవాళ సాయంత్రం కాలుస్తానని ఊరంతా చెప్పి వచ్చా. మధ్యాహ్నం బస్సుకి మమ్మల్ని పంపించెయ్యాలి నువ్వు."

ఆవిడ మూట విప్పింది. తుపాకి వెండి చెంబులా మెరిసింది. రెండు గొట్టాల మధ్య గాడిలో ఆయుధపూజ కుంకుమ ఇంకా ఉంది.

"చూశావా నాయనా, అద్దంలా లేదూ?" అంది ఆవిడ నాతో.

అంత పాత గొట్టాలు అలా మెరవకూడదు. వాటిని చేసినవాళ్లే వాటికొక గోధుమ రంగు పట్టిస్తారు. చూడటానికి తుప్పులాగే ఉంటుంది. నిజానికి తుప్పునే లొంగదీసి, కాచి, చర్మంలా అంటించిన రంగు అది. అది ఉన్నంతకాలం అసలు తుప్పు లోపలికి దిగదు. ఈ తుపాకి మీద ఆ చర్మం జాడ కూడా లేదు.

"దేంతో తోముతారు పిన్నిగారూ?" అని అడిగాను.

"చింతపండూ ఇటుకపొడీ. మా అత్తగారు అలాగే తోమేది, నేనూ అలాగే. ఎంత తోమినా వానలకి మళ్లీ ఎర్రగా తేల్తుంది. ఈమధ్య ఈయన గరుకు కాయితం తెచ్చిపెట్టారులే, సుళువుగా వస్తోంది."

అప్పటికే నేను మీట మీద కిరసనాయిలు పోసి కదుపుతున్నాను. లోపల ఇరుక్కున్నది ఇటుకపొడే. కాసేపటికి మీట తిరిగింది. గొట్టాలు కిందికి వాలాయి. "అదీ!" అన్నాడు రైతు, లేవబోతూ.

"కూర్చోండి" అన్నారు నాన్న. "గోడ చూడకుండా ఇవ్వం."

నేను గొట్టాలను చెక్క నుంచి విడదీసి, కుడి గొట్టాన్ని కడ్డీకి తొడిగాను. మందంగా మొదలై, ముందుకు పోయేకొద్దీ పలచబడుతూ, ఎక్కడా ఇరవై ఆరుకు తగ్గలేదు. నాన్న తల ఊపారు. ఎడమ గొట్టం తొడిగాను. పై భాగం ఇరవై నాలుగు. మెల్లగా బయటి పక్కకు తిప్పాను.

"ఇరవై ఒకటి" అన్నాను. "పద్దెనిమిది."

నాన్న చేతిలోని గుడ్డ కింద పెట్టారు.

"పధ్నాలుగు. పన్నెండు."

"మళ్లీ చూడు."

గొట్టం తీసి, గుండు తుడిచి, మళ్లీ తొడిగాను. పన్నెండే. పోస్టుకార్డు ఒక్కటి, దాని మీద ఒక పల్చటి కాయితం. గొట్టాల కింద చేత్తో పట్టుకునే చెక్క అయిపోయే చోటికి బెత్తెడు ముందు, సరిగ్గా ఎడమ పక్కన.

"బాబాయిగారూ, కాల్చేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

ఆయన గొట్టాలు అందుకుని, చెయ్యి బాగా చాపి చూపించాడు. పొడవాటి చేతుల మనిషి. చెక్క ఉండే చోటు దాటి, ఇనుము మీదే పట్టు. అరచెయ్యి సరిగ్గా ఆ పన్నెండు మీద పడింది. ఆ చోటు పగిలితే ముందు పోయేవి ఆ వేళ్లే. నేను ఆ మాట ఆయనకు చెప్పాను.

ఆయన భార్య వైపు తిరిగాడు. "విన్నావా? తోమీ తోమీ అరగదీశావు. మా నాన్న ఇచ్చిన తుపాకీని నాశనం చేశావు."

"గరుకు కాయితం తెచ్చింది ఎవరండీ? నేను తెచ్చానా?" అందావిడ. తర్వాత తన ఒడి వైపు చూసుకుంది. "ఒళ్లో ఎప్పుడూ ఒకే వాటంగా పెట్టుకుంటా. అదే పక్క పైకి ఉంటుంది" అని తనలో తాను అనుకున్నట్టు అంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. "పిన్నిగారూ, మా గుళ్లో ప్రభువు బల్లప్పుడు ద్రాక్షరసం తాగే గిన్నె ఉంది. వెండి పూత గిన్నె. ప్రతి శనివారం దాన్ని మా అమ్మే తోముతుంది. భక్తితోనే. బొటనవేలు పడేచోట వెండి పోయి ఇత్తడి తేలింది. పాస్టరుగారు చూశారు గాని ఏమీ అనలేదు. ఏమంటారు?"

ఆవిడ ముక్కు చీదుకుని నవ్వింది. "ఇత్తడైతే తాగొచ్చుగా నాయనా. ఇదట్లా కాదుగా."

రైతు మాత్రం నవ్వలేదు. "ఇదిగో మేస్త్రీ. దీంతో మా నాన్న కాల్చాడు. నేనూ కాల్చా. ఇన్నాళ్లూ ఏం కాలేదు."

"అప్పుడు కాల్చింది ఇంట్లో కూరుకున్న పాత రకం తుపాకి మందు. మీ సంచిలో ఉన్నవి కొత్త తూటాలు. వాటి ఊపు వేరు" అన్నాను, ఆయన పక్కనున్న తూటాల సంచి చూపిస్తూ.

"నన్ను భయపెట్టకు. ఊరికి ఏమని చెప్పను? ముల్లు ఒప్పుకోలేదని చెప్పనా? మీట తిరిగింది. నా పని అయిపోయింది." ఆయన గొట్టాలను చెక్కకు తగిలించేశాడు. తుపాకి ఆయనది, లైసెన్సు ఆయనది. ఆపే హక్కు మాకు లేదు.

నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు. "ఒక్కటే అడుగుతా. ముందు ఒక్కో గొట్టం నుంచి ఒక్కో తూటా, భుజాన పెట్టకుండా కాల్చండి. తుపాకిని దేనికైనా కట్టెయ్యండి. దూరం నుంచి తాడుతో లాగండి. మావాడు వచ్చి కడతాడు."

"పేలిపోకపోతే?"

"మీ ఇష్టం."

"సరే, రమ్మను. సాయంత్రం పంది కూర కూడా తిని వస్తాడు."

నేను తాడు తీసుకుంటుంటే నాన్న వెనక గదిలోకి వచ్చారు. కత్తి రావడం చూసి కూడా కావలివాడు బూర ఊదకపోతే ఆ రక్తానికి అతడే జవాబుదారీ అన్న లేఖన భాగం మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. "మనం ఊదేశాం కదా నాన్నా" అన్నాను.

"ఊదాం. వినబడిందో లేదో కూడా చూసి రా."

బస్సు బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దాటింది. కండక్టరు దుప్పటి మూట చూసి, "ఏంటండీ అది, గాలమా?" అన్నాడు.

"పందుల్ని పట్టే గాలం" అన్నాడు రైతు. బస్సంతా నవ్వింది. ఉయ్యూరు వచ్చేలోపు పందుల వేట సంగతి బస్సులో అందరికీ తెలిసింది. ఎవరో ముసలాయన మంచి కొవ్వు ముక్క తనకు పంపమన్నాడు. ప్రతి నవ్వుకూ ఆయన వెనక్కి తగ్గే దారి ఇంకొంచెం మూసుకుపోవడం నాకు కనిపిస్తూనే ఉంది.

పామర్రులో దిగి నడుస్తుండగా ఆవిడ నా పక్కకు వచ్చింది. "నాయనా, పేలిపోతే పీడా పోయింది. ఇనుమే కదా. పేలకపోతేనే నా భయం. ఆయన వెంటనే భుజాన పెట్టేస్తారు. మాటంటే మాటే ఆయనకి."

నేనూ బస్సులో అంతసేపూ ఆలోచించింది అదే. పలచబడిన గోడ మొదటి తూటాకే పడిపోవాలని ఏమీ లేదు. పదో తూటాకు పడవచ్చు. తాడు కట్టి కాల్చడం ఆయనను ఒప్పించడానికి నాన్న చెప్పిన దారే గాని, అది గెలిస్తే గోడ గట్టిదని రుజువు కాదు. ఆ సంగతి ఆయనకు చెప్పబోతే, "ఇప్పుడు మాట మారుస్తున్నావా?" అన్నాడు.

వాళ్ల చెరుకుతోట పక్కనే కాలువ. గట్టు వారన విరిగిన ఎడ్లబండి చక్రం ఒకటి ఆనించి ఉంది. దానికి గోనెసంచులు చుట్టి, భుజానికి ఆనించే తుపాకి మడమను కొబ్బరితాడుతో బిగించి కట్టాను. గొట్టాల మూతి అవతలి మట్టిగట్టు వైపు పెట్టి, కాలువ వెంట ఎవరూ లేరని చూసుకున్నాను. ఆయన కుడి గొట్టంలో తూటా పెట్టాడు. ముగ్గురం గట్టు దిగి వెనక కూర్చున్నాం. ట్రిగ్గరుకు కట్టిన తాడు కొస ఆయన చేతిలోనే ఉంది.

నేను కళ్లు మూసుకున్నాను. ప్రభువా, ఈ మనిషి చెయ్యి కాపాడు అని మాత్రమే అడగాలనుకున్నాను. కాని గొట్టం పగలాలని కూడా మనసు అడిగింది.

చప్పుడుకు అవతలి పొలంలోని కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. పైకి వెళ్లి చూశాం. కుడి గొట్టానికి ఏమీ కాలేదు. అది అనుకున్నదే. ఆయన ఎడమ గొట్టంలో తూటా పెడుతుంటే ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. మళ్లీ గట్టు వెనక్కి వచ్చాం. ఆయన తాడు లాగలేదు. ఒక్క క్షణం నా వైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. లాగాడు.

పొగ కాలువ మీదుగా జరిగిపోయింది. తుపాకి చక్రం మీద ఉన్నచోటే ఉంది. రెండు గొట్టాలూ వెండిలా మెరుస్తూనే ఉన్నాయి.

ఆయన తొడ చరిచి నవ్వాడు. "మీ నాన్న కళ్లకే అనుకున్నా, మీ ముల్లుకి కూడా శుక్లాలు వచ్చినట్టున్నాయిరా అబ్బాయ్!"

"గొట్టాలు విప్పి ఒకసారి చూడనివ్వండి బాబాయిగారూ."

"చూశావుగా. మీ నాన్న ఏమన్నాడు? పేలకపోతే నా ఇష్టమనలేదూ?" ఆయనే ముళ్లు విప్పేశాడు. నేను చెయ్యి చాపితే తుపాకిని అటు పక్కకు తిప్పుకున్నాడు. ఎండ వాలుతోంది. తోట చివర నుంచి ఊరివాళ్లు ఇద్దరు ముగ్గురు కేకలేస్తూ వస్తున్నారు, పందులు ఇవాళ కూడా అదే మూల దిగుతాయని. ఆయన సంచిలోంచి తూటాలు తీశాడు.

నాశనం ప్రకటించి, అది రాకపోయేసరికి అలిగి ఊరి బయట ఎండలో కూర్చున్న ప్రవక్త గుర్తొచ్చాడు నాకు. నా బూర శబ్దం ఎంతవరకు వెళ్లాలో అంతవరకు వెళ్లి ఆగిపోయింది. అడ్డంగా వెళ్లి ఆయన ముందు నిలబడ్డాను, అంతే.

"తప్పుకో."

"తప్పుకోనండీ."

"ఏవండీ, ఇలా ఇవ్వండి" అంది ఆవిడ వెనకనుంచి. "మసి పట్టింది. తుడిచి ఇస్తా."

"తర్వాత తుడుద్దువులే."

"మసితోటే భుజానికెత్తుకుంటారా? ఈ ఇంటికి వచ్చినప్పటినుంచీ మసి తుడవకుండా దాన్ని మీ చేతికిచ్చానా?"

ఆ మాటకు ఎందుకో ఆయన తగ్గాడు. తుపాకి తెరిచి, కాలిన తూటా డిప్పలు లాగి పారేసి, ఖాళీ తుపాకిని ఆవిడకు ఇచ్చాడు. ఆవిడ గట్టు మీద చతికిలబడి, తుపాకిని ఒళ్లో పెట్టుకుంది. రోజూ పెట్టుకునే వాటమే. ఎడమ పక్క పైకి వచ్చింది. కొంగు చివరతో మూతి దాకా ఒక్క ఊపులో తుడిచింది. మళ్లీ తుడిచింది. చెయ్యి మధ్యలో ఆగింది. కొంచెం వెనక్కి వచ్చి, మళ్లీ ముందుకు జరిగి, అక్కడే ఆగింది. కొంగు తీసేసి వట్టి వేళ్లతో తడిమింది.

"ఏవండీ. ఇక్కడ లేచింది."

"ఏం లేచింది? నీ మొహం."

"దోమ కుట్టినట్టు. మొన్న నేను తోమినప్పుడు లేదు."

"ఎండలో ఇనుము వేడెక్కితే అలాగే ఉంటుంది."

"నేను తోమే తుపాకి నాకు తెలీదా?" ఆవిడ ఆయన ఎడమ చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. చూపుడు వేలును తానే గొట్టం మీద పెట్టి, మెల్లగా ముందుకు నడిపించింది. ఆయన మొహం చూస్తున్నాను. వేలు ఎక్కడ ఎక్కి దిగిందో మొహంలో తెలిసింది. ఆయన వేలు వెనక్కి తెచ్చుకుని, ఈసారి తానే నడిపించాడు. మళ్లీ ఒకసారి.

అప్పుడు నాకిచ్చాడు. గొట్టాలు విప్పి, వాలే ఎండకు ఎదురుగా పట్టి లోపలికి చూశాను. లోపలి వెలుగు గీత నిటారుగా వచ్చి, ఒకచోట వంగి, మళ్లీ నిటారుగా పోయింది. చెక్క దాటాక బెత్తెడు ముందు. గోడ ఉబ్బింది. పడలేదు. ఇంకొక తూటా ఆగేదో, రెండు ఆగేవో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"పందులూ!" అని తోట చివర నుంచి ఎవరో అరిచారు.

ఆయన తన ఎడమ అరచెయ్యి తెరిచి చూసుకుంటున్నాడు. తర్వాత తూటాలను సంచిలో వేసి, మూతి బిగించాడు. "డబ్బాలు తెండిరా" అని గట్టిగా కేకేశాడు. "డబ్బాలు కొట్టి తోలదాం. తుపాకి ఇవాళ పని చేయదు!"

"ఏమైంది?" అన్నారు వాళ్లు.

"మా ఆవిడ ఒప్పుకోలేదు" అన్నాడు.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. కొంగుకు ఉన్న మసి అంతా బుగ్గకు అంటింది. ఆయన అది చూసి కూడా చెప్పలేదు.

కొన్నాళ్ల తర్వాత ఇద్దరూ మళ్లీ కొట్టుకు వచ్చారు. తూటాను కొట్టే సూదులు రెండూ తీసెయ్యమన్నారు. తుపాకి ఇక పూజలో మాత్రమే ఉంటుందట. "తోమొద్దు పిన్నిగారూ, నూనె రాస్తే చాలు" అన్నాను. "నూనె రాస్తే ఆ ఎరుపు అలాగే ఉంటుందిగా నాయనా?" అంది. ఉండనివ్వమన్నాను. ఆవిడకు అది అంతగా నచ్చలేదు.

రైతు మా నాన్న ఎదురుగా కూర్చుని ఎడమ చెయ్యి బల్ల మీద పెట్టాడు. "ఇదిగో మేస్త్రీ. నీకు కనపడదుగా, తడిమి లెక్క చూసుకో."

నాన్న ఆ చేతిని రెండు చేతులతో అందుకున్నారు. గొట్టాన్ని తడిమినట్టే ఒక్కొక్క వేలూ చివరిదాకా తడిమారు. వేళ్లన్నీ అయిపోయాక కూడా వదల్లేదు. అలా పట్టుకునే తల వంచి, పెదాలు కదిలీ కదలకుండా ప్రార్థన మొదలుపెట్టారు. రైతు ఒకసారి భార్య వైపు, ఒకసారి నా వైపు చూశాడు. ఆయన కళ్లు మూసుకోలేదు, ఆమేన్ అనలేదు. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.